పాదచారుల వీధి: ఒక పాఠము



మన లాల్‌గడి మలక్‌పేట్ చుట్టుప్రక్కల త్రోవలు ఎక్కువగా పోవుటకే యున్నవి గాని నిలుచుటకు లేవు. షామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిని చూడుడు. అందు బస్సులును లారీలును ఎడతెగక పరుగిడుచుండును. నడచువాడు అంచున ఒదిగి నిలిచి, సందు దొరకినపుడు దాటవలెను. త్రోవ వాహనములదనియు, మనుష్యుడు దానికి అడ్డమనియు మనము తలంచుట కలవాటుపడితిమి. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో తెలిసికొనుటకు, మనకు సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న చార్మినారు వీధులను గూర్చి ఈ పాఠమునందు చెప్పదలచితిమి. ఆ వీధులు ఎట్లు పుట్టినవి, అందు ఏమి దొరకును, అవి ఎవరివి అను మూడు ప్రశ్నలకు క్రమముగా సమాధానము వెదకుదము.

1. పోవు మార్గము

మన యూరినుండి షామీర్‌పేట, హకీంపేట, అల్వాలు మీదుగా సికింద్రాబాదులోని జూబిలీ బస్‌స్టేషను చేరవచ్చును. అక్కడినుండి మహాత్మాగాంధీ బస్‌స్టేషనువరకు మెట్రో రైలు కలదు. ఈ మార్గము 2020 ఫిబ్రవరి 7న ప్రారంభింపబడెను. అక్కడ దిగి, అఫ్జల్‌గంజి మీదుగా నయాపూలు అను వంతెనపై మూసీనది దాటి, మదీనా కూడలిని గడచి, పత్తర్‌గట్టిలో దక్షిణముగా నడచినచో ఎదుట చార్మినారు కనబడును. ఆటోలో పోవుటకంటె కాలినడకనే పోవలెనని మా సలహా. ఈ పాఠము చక్రములమీద కూర్చున్నవానికి బోధపడునది కాదు.

2. వీధి పుట్టుక

గోలకొండను పాలించిన కుతుబ్‌షాహీ రాజులలో ఐదవవాడైన మహమ్మదు కులీ కుతుబ్‌షా 1591లో చార్మినారును నిర్మించెను. అంతకుముందే, 1578లో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున మూసీపై పురానాపూలు కట్టబడి, నది కావలి యొడ్డునకు రాకపోకలు సుగమమయ్యెను. కోటలో జనము క్రిక్కిరిసిపోగా క్రొత్త నగరమునకు చార్మినారే నడిబొడ్డయ్యెను. దానినుండి నాలుగు దిక్కులకు నాలుగు వీధులు సాగెను. గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు పోవు వర్తకమార్గమునకు ఈ నగరము మజిలీగా నుండెను. కాబట్టి ఈ కూడలి మొదటినుండియు రాచఠీవికే గాక, బేరసారములకును ఏర్పడిన స్థలమని తెలిసికొనుడు.

చార్మినారునకు ఉత్తరమున నాలుగు పెద్ద కమానులు కలవు. వాటినే చార్‌కమాను అందురు. వాటి నడుమ గుల్జార్‌హౌజు అను నీటితొట్టి యున్నది. నైరృతి దిక్కున మక్కామసీదు కలదు. 17వ శతాబ్దపు తొలిభాగమున మొదలైన దాని నిర్మాణము ఔరంగజేబు కాలమున 1694లో ముగిసెను. చార్మినారుమీది గడియారములు 1889లో అమర్పబడినవి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచివేసిన తరువాత, 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. ఏడవ నిజాము కాలమున వీధులు వెడల్పు చేయబడి, ఇరుప్రక్కల రాతికమానుల వరుసతో పత్తర్‌గట్టి దుకాణములు లేచెను. ‘పత్తర్’ అనగా రాయి యగుటచే ఆ పేరు తగియున్నది. ఆ కమానుల క్రింద నడచువానికి ఎండయు వానయు అంతగా తగులవు. పాదచారిని తలంచి కట్టిన కట్టడమన నిట్టిది.

3. వీధిలో దొరకునవి

చార్మినారునకు పడమట లాడ్ బజారు కలదు. దానిని చూడీబజారు అనియు పిలుతురు. ఇచ్చట లక్కగాజులు ప్రసిద్ధములు. లక్క యన నేమి? మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై నివసించు చిన్న పురుగులు స్రవించు జిగురే లక్క. భారతకథలోని లక్కయింటిని మీరందరు ఎఱుగుదురు. వేడికి కరగుట లక్కకు సహజగుణము. ఆనాడు పాండవులకు కీడు తలపెట్టినవారు ఏ గుణమును నమ్ముకొనిరో, ఆ గుణమునే నమ్ముకొని నేటి పనివారు బ్రదుకుచున్నారు. లక్కను కుంపటిమీద కరగించి, రంగు కలిపి, కడ్డీగా సాగదీసి, వేడి తగ్గకమునుపే గుండ్రముగా వంచి, కొనలు అతుకుదురు. పిమ్మట మెరుపురాళ్లను, అద్దపు ముక్కలను, పూసలను ఒక్కొక్కటిగా చేతితో నద్దుదురు. ఆలస్యమైనచో లక్క గట్టిపడును. తొందరపడినచో వ్రేలు కాలును. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించెను. లాడ్ బజారులో అమ్మబడు గాజుగాజులలో చాలభాగము ఉత్తరప్రదేశమునందలి ఫిరోజాబాదునుండి వచ్చును. కావున కొనునప్పుడు ఏది ఇక్కడి పనియో, ఏది దూరపు పనియో అడిగి తెలిసికొనవలెను.

పత్తర్‌గట్టి, చార్‌కమాను ప్రాంతములందు ముత్యముల దుకాణములు కలవు. హైదరాబాదు సముద్రమునకు దూరమైన పట్టణము. ఇక్కడ ముత్యము పుట్టదు. పూర్వము పారశీక సింధుశాఖనుండి ముత్యములు వచ్చెడివి. నేడు అమ్మబడువానిలో పెక్కింటిని చీనాదేశపు మంచినీటి చెరువులలో పెంచుచున్నారు. వాటిని ఏరి, పరిమాణమునుబట్టి వేరుపరచి, బెజ్జము వేసి, దారమునకు గ్రుచ్చి హారము చేయు నేర్పు హైదరాబాదుది. ఒక్క హారమునందు రెండు దేశముల శ్రమ చేరియున్నది.

ఆహారమునకు వచ్చిన, ఇరానీ చాయ మొదట చెప్పదగినది. ఇరానునుండి వచ్చినవారు నెలకొల్పిన హోటళ్ల మూలమున ఈ చాయ నగరమున వ్యాపించెను. డికాక్షనును మూతపెట్టి చాలసేపు మరగించి, వేరుగా చిక్కగా కాచిన పాలను అందు కలుపుదురు. దానితో ఉస్మానియా బిస్కత్తు తినుట వాడుక. రంజాను నెలలో హలీము దొరకును. గోధుమలు, మాంసము, పప్పులు, నెయ్యి చేర్చి, పెద్ద భాండములో గంటలకొలది ఉడికించి, కఱ్ఱలతో మెదిపి దీనిని సిద్ధము చేయుదురు. అరబ్బుల హరీసు అను వంటకము ఈ నగరమున మసాలాలతో క్రొత్త రుచి పొంది హలీము అయ్యెను. దీనికి 2010లో భౌగోళిక గుర్తింపు దొరకెను. అరబ్బుల వంట, ఇరానీల చాయ, చీనా ముత్యము, ఫిరోజాబాదు గాజు, ఈ నగరపు చేతిపని: ఇవన్నియు ఒక్క గంట నడకలో కనబడునట్టి తావులు అరుదు.

4. వాహనములను ఏల తొలగించిరి?

చార్మినారు రాతితోను సున్నముతోను కట్టబడినది. దానిపై లతలు, పూవులు మొదలైన అలంకారములు సున్నపు పనియే. నాలుగు వైపులనుండియు వాహనములు దాని చుట్టు తిరుగుచుండగా పొగయు, అదురును ఆ సున్నమునకు హాని చేయునని నిపుణులు హెచ్చరించుచు వచ్చిరి. 2019 మే నెలలో ఒక మినారునుండి సున్నపు పెచ్చు ఊడి క్రిందపడెను. అంతకుముందే, చార్మినారు చుట్టు వాహనములను నిషేధించి, నేలపై నల్లరాతి పలకలు పరచి, పాదచారులకు విడిచిపెట్టు పథకము ఏండ్లతరబడి నడచి రూపము దాల్చెను. 2021 అక్టోబరులో ఆదివారపు సాయంకాలములందు ఇచ్చట సంగీతముతోను తినుబండారములతోను వేడుకలు మొదలుపెట్టిరి. అయినను లాడ్ బజారు లోపల ద్విచక్రవాహనములు జనమధ్యమున జొరబడుటను మేము చూచియున్నాము. పని ఇంకను సంపూర్ణము కాలేదు.

ఇట్టి పని ఇతర దేశములందును జరిగినది. చీనాదేశమున షాంఘైలోని నాన్‌జింగ్ రోడ్డులో ఒక భాగమును 1999లో పాదచారుల వీధిగా మార్చిరి. బీజింగులోని ఛియెన్‌మెన్ వీధిని పాతకాలపు రూపముతో తిరిగి కట్టి 2008లో తెరచిరి. వీధి చక్కనిదయ్యెను, పేరుగాంచిన పాత దుకాణములు కొన్ని నిలిచెను. కాని అద్దెలు పెరిగి, చిన్న వర్తకులును, చుట్టుప్రక్కల సందులలోని పాతకాపులును చాలమంది అక్కడ నిలువలేకపోయిరి. రాళ్లను మరల పేర్చవచ్చును. చెదరిన ఇరుగుపొరుగును మరల పేర్చుట సులభము కాదు.

ఈ ప్రశ్న చార్మినారునకును వర్తించును. వాహనము పోయినచోట నడచువానికి చోటు దొరకెను. మరి బండిపై పండ్లమ్మువానికి, నేలపై గుడ్డ పరచి గాజులమ్ము స్త్రీకి చోటు దొరకెనా? 2014లో మన పార్లమెంటు వీధివర్తకుల జీవనోపాధి రక్షణకై ఒక చట్టము చేసెను. దాని ప్రకారము పట్టణ విక్రయ సంఘములలో కనీసము నూటికి 40 మంది వీధివర్తకులే ఎన్నికై యుండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలుండవలెను. అనగా, ఎవరి బండి ఎక్కడ నుండవలెనో నిర్ణయించునప్పుడు ఆ బండివాని మాటయు వినవలెనన్నమాట. చట్టము కాగితముమీద నుండుట వేరు, వీధిలో నడచుట వేరు. దానిని నడిపింపవలసినవారిలో రేపటి పౌరులైన మీరును ఉన్నారు.

5. బేరములోని న్యాయము

ఇక మన వంతు. లాడ్ బజారున బేరమాడనివాడు తెలివితక్కువవాడని కొందరు చెప్పుదురు. ఒక చిన్న లెక్క వేయుదము; ఇందలి అంకెలు ఊహకొఱకే. ఒక జత లక్కగాజుల వెల 100 రూపాయలనుకొనుడు. అందు లక్క, రంగు, రాళ్లు, బొగ్గులకు 40 రూపాయలు; దుకాణపు అద్దెకును వర్తకుని లాభమునకును 35 రూపాయలు; కుంపటియొద్ద కూర్చున్నవాని కూలి 25 రూపాయలు. మీరు గట్టిగా బేరమాడి 80 రూపాయలకు కొంటిరి. తగ్గిన 20 రూపాయలు ఎవరి వంతునుండి పోయినవి? లక్క వెల తగ్గదు, అద్దె తగ్గదు. వర్తకుడు తన లాభము కొంత వదలుకొన్నను, తరువాతి సరకు చేయించునప్పుడు ఆ కొరత ఎవరిపై మోపబడునో మీరే ఆలోచింపుడు. బేరము దోషమని మేము చెప్పుట లేదు. చేతిలో డబ్బు తక్కువైనవాడు అడిగి చూచుట సహజము. అన్యాయపు వెల చెప్పిన వర్తకునితో వాదించుటయు తప్పు కాదు. మంచి వెల చెప్పిన తరువాతను, కేవలము గెలుపుకొఱకు పీడించుట మాత్రము తగదు.

వీధిలో మరికొన్ని మర్యాదలు కలవు. అమ్మువానిని ‘భాయ్’ అని, ‘అన్నా’ అని గౌరవముగా పిలువుడు. అడుగకుండ ఎవరి ఛాయాచిత్రమును తీయకుడు. శుక్రవారము మధ్యాహ్నము మక్కామసీదులో ప్రార్థనకు జనము గుమిగూడుదురు. ఆ వేళను తప్పించి పోవుట వారికిని మనకును మేలు. తినిన కాగితమును, త్రాగిన కప్పును నేలపై విడువకుడు. కట్టడములపై పేర్లు గీయకుడు. గాజులు చేయువాని ప్రక్కన ఐదు నిమిషములైనను నిలిచి, అతని చేతులను చూడుడు. కొనక తిరిగివచ్చినను ఆ చూపు వ్యర్థము కాదు.

వీధి ఎవరిది? కట్టించిన రాజులు గతించిరి. నేడది నడచువారిది, అమ్మువారిది, చేయువారిది, అక్కడ కాపురముండువారిది. వీరిలో ఏ యొక్కరి కొఱకును తక్కినవారిని త్రోసివేయని వీధియే మంచి వీధి. ఈ కొలతతోనే మన యూరి త్రోవలనుగూడ కొలిచి చూడవలెను.

అభ్యాసము

1. చార్మినారునుండి సాగిన నాలుగు వీధుల పటము గీసి, పత్తర్‌గట్టి, లాడ్ బజారు, మక్కామసీదు, గుల్జార్‌హౌజు గుర్తింపుము.

2. లక్కయొక్క ఏ గుణము గాజుల పనికి ఆధారమైనది? వివరింపుము.

3. పైని చెప్పిన 100 రూపాయల లెక్కను, మీ యింట కొనిన ఒక వస్తువునకు వర్తింపజేసి, పెద్దలనడిగి వ్రాయుము.

4. మీకు దగ్గరనున్న సంతలో ఒక చిన్న వర్తకునితో మాటలాడి, ఆయన సరకు ఎక్కడినుండి వచ్చునో పది వాక్యములలో తెలుపుము.

5. తల్లిదండ్రులతో గూడి రాజీవ్ రహదారికి దూరముగా, భద్రమైన చోట నిలిచి, ఒక వృద్ధురాలు ఆ త్రోవ దాటుటకు ఎన్ని నిమిషములు కాచుకొనవలసి వచ్చెనో లెక్కింపుము. ఆమెకు సుళువగుటకు అక్కడ ఏమి చేయవలెనో గ్రామపంచాయతీకో, పురపాలకులకో వ్రాయదగిన ఒక విజ్ఞప్తి తయారుచేయుము.