కిలో ఎంత? అందులో బలం ఎంత?
(తక్కువ ఖర్చుతో మంచి సరుకులు కొనడం ఎట్లా?)



హాస్టల్లో ఉన్నన్ని రోజులు గంట కొడితే పళ్ళెం పట్టుకొని వరుసలో నిలబడతాం. పప్పు కిలో ఎంత, నూనె ఎన్ని రోజులకు వస్తుంది అన్న చింత మనకుండదు. చదువు ముగించుకొని గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో, లేదా హైదరాబాదులోనో నలుగురం కలిసి గది తీసుకున్న రోజు ఆ పని మన మీద పడుతుంది. నెల మొదటి వారంలో సంచుల నిండా సరుకులు, ఇరవయ్యో తారీఖు దాటితే పచ్చడి మెతుకులు. ఇట్లాంటి గదులు మేము చాలా చూశాం. దీనికి డబ్బు చాలకపోవడం ఒక కారణం, లెక్క తెలియకపోవడం మరొక కారణం. మొదటిది ఇప్పటికిప్పుడు మన చేతిలో లేదు. రెండోది ఉంది. అందుకే ఈ పాఠం.

ఇది ఎందుకు ముఖ్యం?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగం కంటే ఎక్కువ. చదువుతుంటే కళ్ళు తిరగడం, మెట్లెక్కితే ఆయాసం, తరగతిలో నిద్ర రావడం దాని లక్షణాలే. తిండిలో ఇనుము చాలకపోవడం దీనికి పెద్ద కారణం. పరీక్షల ముందు ఇట్లా నీరసపడితే పోయేది మన మార్కులే, మన ఉద్యోగమే.

ఎంత కొనాలి?

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2,000 కిలో క్యాలరీలు అవసరమైన మనిషికి అందులో చెప్పిన కొలతలు ఇవి: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు లేదా మాంసం 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పల్లీలవంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ఒళ్ళు వంచి పని చేసేవారికి, ఆటలాడేవారికి ఇంకా ఎక్కువ పడుతుంది.

దీన్ని నలుగురున్న గదికి, 30 రోజులకు లెక్క వేద్దాం. పప్పులు సుమారు 10 కిలోలు (గుడ్లు తింటే కొంత తగ్గించుకోవచ్చు), పల్లీలు 4 కిలోలు, నూనె మూడున్నర కిలోల లోపు. చాలా గదుల్లో దీనికి తలకిందులుగా ఉంటుంది. బియ్యం, నూనె ఎక్కువ. పప్పు, ఆకుకూర తక్కువ. కాబట్టి దుకాణానికి పోకముందే ఈ కొలతలతో కాగితం రాసుకోవాలి. కొనుగోలు కాగితం దగ్గరే మొదలవుతుంది.

పెద్ద దుకాణం చవకగా ఎట్లా ఇస్తుంది?

1962లో అమెరికాలోని ఆర్కన్సాస్ రాష్ట్రంలో శామ్ వాల్టన్ మొదటి వాల్‌మార్ట్ తెరిచాడు. మన దేశంలో డీమార్ట్ మొదటి దుకాణం 2002లో ముంబయిలోని పవాయిలో మొదలైంది. ఇట్లాంటి దుకాణాల కిటుకు ఒక్కటే. లారీలకొద్దీ సరుకు నేరుగా కొంటారు, ఒక్కో వస్తువు మీద తక్కువ లాభం వేసుకొని ఎక్కువ అమ్ముతారు. అందుకే పప్పు, చక్కెర, నూనె, సబ్బులు అక్కడ చాలాసార్లు నిజంగానే చవక.

అయితే పప్పు కోసం పోయినవాళ్ళం పప్పుతోనే తిరిగి రాము. కంటికి ఎదురుగా ఉన్న అరలో రంగురంగుల ప్యాకెట్లు, బిల్లు కట్టేచోట చాక్లెట్లు, 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' బోర్డులు. పప్పు మీద మిగిలిన ఇరవై రూపాయలు చిప్స్ మీద పోతాయి. అక్కడ మూడు నియమాలు పాటిద్దాం.

1. కాగితంలో లేనిది బుట్టలో వేయవద్దు.
2. ఆకలితో పోవద్దు. తిని పోవాలి.
3. నలుగురి తరఫున ఒక్కరే పోవాలి. బస్సు కిరాయి కూడా సరుకు ధరలో భాగమే. 120 రూపాయలు మిగిల్చుకోవడానికి ఇద్దరు పోయి 100 రూపాయల కిరాయి పెడితే లాభం 20 రూపాయలే.

కిలో లెక్క

ప్యాకెట్ మీద ఉన్న ధర చూస్తే సరిపోదు. కిలోకు ఎంత పడుతుందో చూడాలి. ఒకే పప్పు 200 గ్రాములు 36 రూపాయలు, అర కిలో 82, కిలో 158 అనుకుందాం. కిలో లెక్కన అవి 180, 164, 158 అవుతాయి. పెద్ద ప్యాకెట్ ప్రతిసారీ చవక కాదు, కాబట్టి ప్రతిసారీ లెక్క వేయాలి. ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద గ్రాముకు ఎంత పడుతుందో కూడా అచ్చు వేస్తున్నారు. ఎంఆర్‌పీ పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నూనె దగ్గర మరీ జాగ్రత్త. రెండు ప్యాకెట్లు ఒకే సైజులో కనిపిస్తాయి. ఒకదాని మీద 910 గ్రాములు, ధర 150. రెండోదాని మీద 850 గ్రాములు, ధర 144. ఏది చవక? మొదటిది కిలో 165, రెండోది 169. ఆరు రూపాయలు తక్కువ అని తీసుకున్నదే నిజానికి ప్రియం.

బలం లెక్క

కిలో ధర తెలిస్తే సగం పాఠం వచ్చినట్టు. మిగతా సగం, ఆ డబ్బుకు ఒంటికి ఏం దక్కిందన్నది. ఉదాహరణకు మాంసకృత్తులు తీసుకుందాం. ధరలు ఊరినిబట్టి, కాలాన్నిబట్టి మారతాయి. లెక్క కోసం కొన్ని ధరలు అనుకుందాం. 100 రూపాయలు ఖర్చు పెడితే:

జొన్నలు (కిలో 50): సుమారు 200 గ్రాముల మాంసకృత్తులు
పల్లీలు (కిలో 140): సుమారు 178 గ్రాములు
కందిపప్పు (కిలో 150): సుమారు 147 గ్రాములు
గుడ్లు (ఒకటి 7): సుమారు 84 గ్రాములు
బిస్కెట్లు (60 గ్రాములకు 10, లేబుల్ మీద నూటికి 7 గ్రాములని ఉంటే): 42 గ్రాములు

గుడ్డులోని మాంసకృత్తులు ఒంటికి బాగా పడతాయి కాబట్టి దాన్ని వదలవద్దు. జొన్నలో కొరవడినది పప్పు తీరుస్తుంది. జొన్నరొట్టె, పప్పు కలిపి తినే మన పెద్దల అలవాటు ఇట్లా లెక్కకు కూడా నిలుస్తుంది. పది రూపాయలకు 25 గ్రాములు వచ్చే చిప్స్ కిలో 400 పడ్డట్టు. ఆలుగడ్డ కిలో ఎంతో మనకు తెలిసిందే!

ఎముకల బలానికి తైదలు (రాగులు), నువ్వులు మంచివి. రక్తానికి ఆకుకూరలు, పప్పులు తిని పైన నిమ్మకాయ పిండుకోవాలి. నిమ్మలోని సి విటమిన్ వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు.

ఏది ఎక్కడ కొనాలి?

బియ్యం: రేషన్ కార్డులో మన పేరుందో లేదో ముందు చూసుకోవాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణాల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు.

కూరగాయలు, ఆకుకూరలు: వారం సంతలో, రైతు బజారులో. మన ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. రైతు నేరుగా అమ్ముకుంటే ఇద్దరికీ మేలన్నది దాని ఉద్దేశం. సాయంత్రం సంత లేచేవేళ తోటకూర, పుంటికూర, గంగవాయిలి కూర ఇంకా చవకగా వస్తాయి. మునగాకు చాలాచోట్ల అడిగితే ఊరికే ఇస్తారు.

పల్లీలు, జొన్నలు, కందులు: ఇవి మన పాలమూరు నేల పంటలు. 'కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి' అన్న సామెత మన ఇళ్ళకే సరిగ్గా సరిపోతుంది. మన అమ్మానాన్నలు వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు మార్కెట్లలో క్వింటాళ్ళ లెక్కన అమ్మిన పల్లీలనే మనం పట్నంలో చిన్న ప్యాకెట్లలో కొంటున్నాం. పండగకు ఇంటికి పోయినప్పుడు సంచిలో మంచి బట్టలతోపాటు నాలుగు కిలోల పల్లీలు, పది కిలోల జొన్నలు కూడా తెచ్చుకుందాం. పల్లీలు బాగా ఎండినవే ఉండాలి. బూజు పట్టినవి, నల్లబడినవి ఏరి పారేయాలి. ఆ బూజులోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు.

నూనె, ఉప్పు: ఇవి మాత్రం ప్యాకెట్‌వే కొనాలి. విడి నూనెలో కల్తీ తెలియదు. ఉప్పు అయోడిన్ కలిపినది కావాలి.

పప్పు, చక్కెర: కిరాణం దుకాణంలో విడిగా ఎంత, పెద్ద దుకాణంలో ఎంత అని అడిగి పోల్చాలి. లేబుల్ వేసిన బియ్యం, పప్పు ప్యాకెట్లపై 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ వచ్చింది, విడిగా తూచి ఇచ్చేవాటికి లేదు. పైగా కిరాణం సేటు అవసరానికి ఖాతా పెడతాడు. అయితే ఖాతా పుస్తకంలో రాసింది మనమూ మన పుస్తకంలో రాసుకోవాలి.

ప్యాకెట్ చదవడం కూడా చదువే

తయారైన తేదీ, ఎంతకాలం వాడవచ్చు, నికర బరువు, ఎంఆర్‌పీ, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు. ఈ ఐదూ చూడాలి. ఏమేం కలిపారో రాసిన వరుసలో ఎక్కువ బరువున్నది ముందు వస్తుంది. 'బలవర్ధకం' అని పైన ఎంత పెద్ద అక్షరాలున్నా, కింది వరుసలో మైదా, చక్కెర ముందుంటే అది మైదా, చక్కెరే. ఎంఆర్‌పీకంటే ఎక్కువ అడిగితే ఇవ్వనవసరం లేదు. తూకంలో మోసం జరిగినా, గడువు దాటిన సరుకు అంటగట్టినా బిల్లు దగ్గర పెట్టుకొని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అందుకే చిన్న సరుకుకైనా బిల్లు అడగడం అలవాటు చేసుకోవాలి.

హాస్టల్లో ఉండగానే నేర్చుకుందాం

2024 నవంబరులో మన రాష్ట్రంలో హాస్టళ్ళ డైట్ చార్జీలు పెంచారు. 8 నుంచి 10వ తరగతి వారికి నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలకు, ఇంటర్, ఆపై చదువులకు 1,500 నుంచి 2,100కు పెరిగాయి. 2,100 అంటే రోజుకు 70 రూపాయలు. ఈ డబ్బు మన పేరు మీద వచ్చేది. మెస్ కమిటీలో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సరుకు వచ్చిన రోజు తూకం దగ్గర నిలబడి చూడాలి, తేదీలు చదవాలి, వార్డెన్ గారిని అడిగి లెక్క తెలుసుకోవాలి. అది తప్పు పట్టడం కాదు, పని నేర్చుకోవడం.

ఈ వారం ప్రతి ఒక్కరూ ఒక పని చేయండి. మీరు ఎక్కువగా కొనుక్కునే చిరుతిండి ప్యాకెట్ తీసుకొని, అది కిలో ఎంత పడుతుందో లెక్క వేసి నోట్ పుస్తకంలో రాయండి. దాని పక్కనే పల్లీల కిలో ధర రాయండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే ఏం కొనాలో మీకే తెలుస్తుంది.