వేట నేర్చుకునే ముందు చేయి ఆపుకోవడం నేర్చుకుందాం

మన గోదావరి తీరంలో "వేటకు వెళ్ళాడు" అంటే ఎవరూ అడవిని తలచుకోరు. వల, పడవ, చేపలే గుర్తుకు వస్తాయి. యానాం, నరసాపురం, అంతర్వేది రేవులలో తరతరాలుగా ఇదే మాట. మన ఇళ్ళలో నలభై, యాభై ఏళ్ళు వచ్చిన సోదరులు కొందరు ఈ విద్య నేర్చుకోవాలని ముచ్చటపడుతుంటారు. గల్ఫ్ నుంచి తిరిగివచ్చి ఊళ్ళో స్థిరపడినవారు కొందరు, వ్యాపారం పిల్లలకు అప్పగించి తీరిక దొరికినవారు కొందరు. వేట హలాలేనా? దాని హద్దులేమిటి? ఎవరి దగ్గర, ఎలా నేర్చుకోవాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

అనుమతి, దాని వెంటే హద్దు

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా వేట విషయాన్ని వివరంగా ప్రస్తావించింది. శిక్షణ పొందిన వేటజంతువులు మన కోసం పట్టి తెచ్చినదాన్ని దైవనామం స్మరించి తినడానికి 4వ ఆయత్ అనుమతించింది. ఆ శిక్షణ ఇచ్చే నేర్పు కూడా అల్లాహ్ ప్రసాదించినదేనని గుర్తుచేసింది. నీటి వేటను 96వ ఆయత్ ధర్మసమ్మతం చేసింది. అదే ఆయత్ ఇహ్రాం స్థితిలో ఉన్నవారికి నేలమీది వేటను నిషేధించింది.

అదే సూరాలోని 94వ ఆయత్ సారాంశాన్ని గమనించండి. చేతికి, ఈటెకు అందేంత దగ్గరగా వేటను ఉంచి అల్లాహ్ విశ్వాసులను పరీక్షిస్తాడు. ఎవరూ చూడని చోట కూడా తనకు భయపడేవారెవరో తేలాలన్నదే ఆ పరీక్ష. అంటే వేటగాడి మొదటి గుణం గురి కాదు, నిగ్రహం.

ఇలాంటి పరీక్షలో ఓడిపోయిన సముద్రతీర ప్రజల గాథ అల్ ఆరాఫ్ సూరా (163)లో ఉంది. నిషేధించిన శనివారం నాడే చేపలు నీటిపైకి తేలుతూ వచ్చేవి. మిగతా రోజుల్లో కనిపించేవి కావు. వారు ఆశకు లొంగి హద్దు మీరారు.

మన తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలతో సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. ఇది ప్రభుత్వ నియమం, దైవాజ్ఞతో సమానం కాదు. కాని చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని వదిలేస్తేనే రేపు పదిమందికి జీవనోపాధి. అటువంటి న్యాయమైన నియమాన్ని చాటుమాటుగా ఉల్లంఘించడం విశ్వాసికి తగునా?

నేలమీది వేట సంగతి

తుపాకీ పట్టిన తాతల కథలు విని కొందరు పరజలను, కొంగలను కొట్టాలని ఆశపడతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో అడవి జంతువులను, పక్షులను వేటాడటం నేరం. కోరింగ మడ అడవులు 1978 నుంచి, కొల్లేరు 1999 నుంచి అభయారణ్యాలు. వేటకు వీల్లేని భూమి అన్న మాట ముస్లింలకు కొత్త కాదు. మక్కా హరంలో వేటాడటమే కాదు, జంతువును బెదరగొట్టడం కూడా తగదని దైవప్రవక్త (స) నేర్పారు. కాబట్టి ఈ ముచ్చట గాలానికి, విసురు వలకు పరిమితం చేసుకుందాం.

పెద్దవయసులో విద్యార్థి

హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) తయ్ తెగ నాయకులు. వేట తెలిసినవారే. అయినా ఇస్లాం స్వీకరించాక దైవప్రవక్త (స)ను ఒక్కొక్క విషయం అడిగి తెలుసుకున్నారు. కుక్క తానే తింటే? వేరే కుక్క కూడా కలిస్తే? బాణం తగిలిన జంతువు నీటిలో పడి దొరికితే? ఈ మూడింటిలోనూ తినవద్దనే సమాధానం వచ్చింది (బుఖారీ, ముస్లిం). సందేహం ఉన్నచోట వదిలేయడమే ఆ పాఠం. హజ్రత్ మూసా (అ) కూడా ప్రవక్త అయివుండి జ్ఞానం కోసం మరొకరి వెంట నడిచారు. ఓర్పు వహించాలన్నదే అక్కడ గురువు పెట్టిన షరతు (అల్ కహఫ్: 66-70).

కొన్నేళ్ళ క్రితం మేమూ ఒక వృద్ధ జాలరి వెంట గౌతమి పాయలో వల నేర్చుకోవడానికి వెళ్ళాం. రెండు రోజులు ఆయన మమ్మల్ని వల ముట్టుకోనివ్వలేదు. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, ఎక్కడ ఊబి, ఎక్కడ సుడి అన్నదే చూపించారు. మూడోరోజు మేము విసిరిన వల నీటి అడుగున మోడుకు చిక్కుకుంది. సిగ్గుపడి దిగబోయాం. ఆయన చేయి పట్టి ఆపారు. "వల పోతే మళ్ళీ అల్లుకుంటాం బాబూ, మనిషి పోతే అల్లుకోగలమా?" అన్నారు. చేతులారా నాశనంలో పడవద్దన్న ఖుర్ఆన్ బోధ (అల్ బఖరా: 195) ఆ క్షణంలో మాకు కొత్తగా అర్థమైంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి ఎన్ని ఇళ్ళు చీకటయ్యాయో మనం మరువలేదు. వరద గోదావరి ఎవరి మొహమాటమూ చూడదు.

నేర్చుకునేవారు పాటించవలసినవి

1. గురువు మన మతంవాడా కాదా అని చూడకండి. నీరు తెలిసినవాడా, నిజాయితీపరుడా అని చూడండి. మనకు నేర్పిన రోజు ఆయన తన వేట వదులుకుంటాడు. ఆ కూలి అడిగించుకోకుండా, చెమట ఆరకముందే ఇవ్వండి.

2. ఇంట్లో చెప్పి వెళ్ళండి. ఈత రాకపోతే ముందు అది నేర్చుకోండి.

3. బిస్మిల్లాహ్‌తో మొదలుపెట్టండి. చేపకు జిబహ్ అవసరం లేదు. అయితే దానికదే చచ్చి తేలిన చేపను హనఫీ ధర్మవేత్తలు తినవద్దన్నారు, ఇతరులు అనుమతించారు. రొయ్యలు, పీతల విషయంలోనూ అభిప్రాయభేదాలున్నాయి. మీరు అనుసరించే ఆలింను అడగండి.

4. విషం కలపడం, కరెంటు పెట్టడం, మందుగుండు పేల్చడం వద్దు. తినేది నాలుగు చేపలు, చచ్చేది నలభై. పిల్ల చేపలను తిరిగి నీటిలో వదలండి. వరద కాలంలో పులస ఏటికి ఎదురీదేది గుడ్లు పెట్టడానికేనని గుర్తుంచుకోండి.

5. సరదా కోసం ప్రాణం తీయకండి. ప్రాణమున్నదాన్ని గురి కోసం లక్ష్యంగా పెట్టుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించారు (ముస్లిం).

6. వేట వెంట పడినవాడు ఏమరుపాటులో పడతాడని హెచ్చరిక ఉంది (అబూ దావూద్, తిర్మిజీ). అసర్ నమాజు పోగొట్టుకుని తెచ్చిన చేప ఎంత పెద్దదైతేనేం?

7. దొరికినదాంట్లో పొరుగింటికీ వాటా పంపండి.

ఒక్క చేప కూడా పడకుండా ఇంటికి రావచ్చు. అది ఓటమి కాదు. ఉపాధి వలలో లేదు, ఉపాధిప్రదాత చేతిలో ఉందని తెలిసివస్తే ఆ రోజు పాఠం పూర్తయినట్లే. అనుమతించినదాన్ని కృతజ్ఞతతో అందుకునే, నిషేధించిన చోట చేయి ఆపుకునే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.