అక్షరానికి ఆనవాలు

హైదరాబాదులో తార్నాక దాటి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్ళే దారిలో రెండు ప్రసిద్ధ పరిశోధనాలయాలు ఉన్నాయి. ఒకటి 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ. రెండవది 1977లో ఆరంభమైన సి.సి.ఎం.బి. ఒకచోట భూగర్భ రహస్యాలను, మరొకచోట జీవకణ రహస్యాలను శోధిస్తారు. శోధించి తెలుసుకున్నది గ్రంథస్థం కాకపోతే లోకానికి అందదు. కనుక శాస్త్రజ్ఞునికి ప్రయోగం ఎంత ముఖ్యమో రచన కూడా అంతే ముఖ్యం. ఆ రచనను కంప్యూటరులో చిరకాలం నిలిచేటట్లు తీర్చిదిద్దే సాధనాలలో మార్కప్ భాష ఒకటి.

మార్కప్ అంటే గుర్తు పెట్టడం. ఈ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. కావ్యంలో ‘ఉ.’ అని ఉంటే ఉత్పలమాల అనీ, ‘కం.’ అని ఉంటే కందమనీ, ‘వ.’ అని ఉంటే వచనమనీ పాఠకుడు గ్రహిస్తాడు. ఆ అక్షరం పద్యంలో భాగం కాదు. రాబోయేది ఏమిటో తెలిపే ఆనవాలు. ఉప్పల్‌కు సమీపంలోని నాచారం పారిశ్రామికవాడలో సరుకు పెట్టెలపై అంటించే చీటీలూ ఇటువంటివే. పెట్టె విప్పకుండానే లోపల ఉన్నదేమిటో చీటీ చెబుతుంది.

మార్కప్ భాషలో వ్యాసకర్త చేసే పని కూడా ఇదే. ఉదాహరణకు:

<శీర్షిక>భూకంప తరంగాలు</శీర్షిక>

రెండు గుర్తుల నడుమ ఉన్నది శీర్షిక అని కంప్యూటరుకు తెలుస్తుంది. ఆ శీర్షిక ఎంత పెద్ద అక్షరాలలో ఉండాలో, పుటలో ఎక్కడ ఉండాలో వేరొకచోట ఒకేసారి నిర్ణయిస్తారు. అందువల్ల ఒకే మూలప్రతి నుండి అచ్చుపుస్తకాన్నీ, వెబ్ పుటనూ రూపొందించవచ్చు.

1977లో అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ తన గ్రంథం మలికూర్పు ప్రూఫులను చూశాడు. గణిత సమీకరణాలు అచ్చయిన తీరు ఆయనకు నచ్చలేదు. పుస్తకం రాయడం ఆపి ‘టెక్’ అనే అక్షరకూర్పు విధానాన్ని తానే నిర్మించాడు. దానిని సులభతరం చేస్తూ లెస్లీ లాంపోర్ట్ 1980ల దశకంలో ‘లాటెక్’ను రూపొందించాడు. 1998లో ‘ఎక్స్.ఎం.ఎల్.’ ప్రమాణంగా వెలువడింది. పైన చూపిన ఉదాహరణ దాని పద్ధతిలోనిదే.

తెలుగులో రాసే పరిశోధకునికి ఈ విషయం మరింత ముఖ్యం. 1990ల దశకంలో డి.టి.పి. కేంద్రాలు వాడిన తెలుగు ఫాంట్లలో చాలావాటికి దేని సంకేతాలు దానివే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఆంగ్లాక్షరాలు కనిపించేవి. ఏళ్ళ తరబడి శ్రమించి రాసిన సిద్ధాంత గ్రంథం కళ్ళెదుట ఉండికూడా చదవరానిదయ్యేది. 1991లో యూనికోడ్ తెలుగు లిపికి ప్రత్యేక స్థానం కల్పించింది. 2004లో జొనాథన్ క్యూ విడుదల చేసిన ‘జీటెక్’ యూనికోడ్ అక్షరాలను నేరుగా స్వీకరించింది. యూనికోడ్ అక్షరాన్ని కాపాడితే, మార్కప్ రచన నిర్మాణాన్ని కాపాడుతుంది.

అయితే మొదటి అడుగు సులభం కాదు. ఒక్క ముగింపు గుర్తు మరచినా కూర్పు నిలిచిపోవచ్చు. గొప్ప పండితుడైనా అక్కడ నిరుత్సాహపడి విరమించే ప్రమాదం ఉంది. అందుచేత నేర్పేవారు గుర్తుల పట్టికలను వల్లె వేయించకూడదు. సిద్ధంగా ఉన్న నమూనా పత్రాన్ని చేతికిచ్చి, ఒక్క పుట వ్యాసాన్ని అందులో రాయించాలి. శీర్షిక, పేరా, పట్టిక, ఉపయుక్త గ్రంథం అనే నాలుగు గుర్తులు మొదటిరోజుకు చాలు. కంప్యూటరు చూపే దోషసూచనను చదవడం నేర్పాలి. నడుమ ఒక కొత్త పటం చేర్చితే తక్కిన పటాల సంఖ్యలు వాటంతటవే సరికావడం కళ్ళారా చూసినప్పుడు, దిద్దుబాట్లతో అలసిన పరిశోధకునికి ఈ శ్రమ సార్థకమనిపిస్తుంది.

మార్కప్ నేర్వనంత మాత్రాన పరిశోధన ఆగిపోదు. సాధారణ పత్రంగా పంపిన వ్యాసానికి ప్రచురణకర్తలే గుర్తులు చేర్చే పద్ధతి కూడా ఉంది. కాని తన రచనలో ఏది ఏమిటో రచయితకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. తాటాకుపై గంటంతో రాసినవారు రాతతోపాటు ఆకు మన్నికనూ ఆలోచించారు. కంప్యూటరుపై రాసేవారికీ ఆ ముందుచూపు అవసరం.

ప్రశ్నలు
1. పద్యానికి ముందుండే ఛందస్సు గుర్తుకూ మార్కప్ గుర్తుకూ గల పోలిక ఏమిటి?
2. పాత ఫాంట్ల వల్ల తెలుగు పరిశోధకులకు కలిగిన ఇబ్బందిని వివరించండి.
3. కొత్తవారికి మార్కప్ భాషను ఏ విధంగా నేర్పాలి?