యుద్ధం కోసం వేసిన రన్‌వేలు

మన స్కూలు మీదుగా విమానం పోతే చాలు, చిన్న పిల్లల నుంచి టెన్త్ అక్కల దాకా అందరం బయటికి ఉరుకుతాం. అది ఎక్కడ దిగుతుందో మాత్రం ఎవరం అడగలేదు. నేను మా సోషల్ సారుని అడిగాను. సారు చెప్పిందీ, లైబ్రరీలో చదివిందీ కలిపి రాస్తున్నాను.

ఏలూరు నుంచి బెజవాడ వెళ్ళే దారిలో, హనుమాన్ జంక్షన్ దాటాక గన్నవరం విమానాశ్రయం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం (1939–45) నాడు అది సైన్యం వాడుకున్న స్థలం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అంటే యుద్ధం మన సముద్రం ఒడ్డు దాకా వచ్చిందన్నమాట! ఆ యుద్ధ కాలంలోనే బ్రిటిషు వాళ్ళు తాడేపల్లిగూడెంలో కూడా ఒక రన్‌వే వేశారు.

యుద్ధం అయిపోయింది. గన్నవరం విమానాశ్రయం అయింది, గూడెం కాలేదు. పొడుగు రోడ్డు ఒక్కటీ ఉంటే సరిపోదు. దారి చెప్పే టవరు కావాలి, మంటలార్పే బండ్లు కావాలి, అన్నిటికంటే ముందు ఎక్కే జనం కావాలి. గన్నవరానికి పక్కనే బెజవాడ ఉంది. అదే అసలు కారణం అని నాకు అనిపిస్తుంది.

రన్‌వే అంత పొడుగు ఎందుకు? కొల్లేరులో ఆటపాక దగ్గర గూడబాతులు ఉంటాయి. గూడబాతు బరువైన పక్షి. పిచ్చుకలాగా ఉన్నచోటి నుంచే లేవలేదు. రెక్కలు కొడుతూ, కాళ్ళతో నీళ్ళని తన్నుకుంటూ కొంత దూరం పోయి అప్పుడు లేస్తుంది. విమానం కూడా అంతే. వేగంగా పరుగెత్తితేనే గాలి రెక్కల్ని పైకి లేపుతుంది. బరువు ఎక్కువైతే పరుగూ ఎక్కువ. మన ఎండాకాలంలో గాలి వేడెక్కి పలచబడుతుంది, అప్పుడు ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి. ఎదురుగాలి ఉంటే త్వరగా లేస్తుంది. అందుకే గాలికి ఎదురుగా పోతాయి. (గాలిపటం ఎగరేసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.)

గన్నవరం రన్‌వే ఒక చివర 08 అనీ, రెండో చివర 26 అనీ రాసి ఉంటుంది. పక్కన సున్నా చేర్చండి: 80, 260. అవి ఉత్తరం నుంచి కొలిచిన డిగ్రీలు. 80 అంటే ఇంచుమించు తూర్పు, 260 అంటే ఇంచుమించు పడమర.

2017లో అక్కడ కొత్త టెర్మినల్ తెరిచారు. 2286 మీటర్ల రన్‌వేని పెద్ద విమానాల కోసం పొడిగించారు. 2021 నుంచి అది 3360 మీటర్లు. విమానాశ్రయం పెంచడానికి బుద్ధవరం, అజ్జంపూడి, కేసరపల్లి రైతుల భూములు తీసుకున్నారు. బదులుగా అమరావతిలో స్థలాలు ఇస్తామన్నారు.

ఇది సెలవుల్లో మా తాతకి చదివి వినిపించాను. మా తాత పొలం ఒక ప్రాజెక్టు కింద పోయింది. రెక్కల సంగతి, గూడబాతు సంగతి నవ్వుతూ విన్నాడు. ఈ మాట దగ్గర ఆపి, "పొలానికి బదులు ఇళ్ళ స్థలం ఇస్తే నాగలి ఎక్కడ కడతారే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సారుని అడగాలి.

లెక్క: రన్‌వే ఎన్ని మీటర్లు పెరిగింది? మన ఆటస్థలం 100 మీటర్ల పొడుగు అనుకుంటే, పెరిగిన ముక్కలో ఎన్ని ఆటస్థలాలు పడతాయి? జవాబు చీటీ మీద రాసి శనివారం లోపల గోడపత్రిక పెట్టెలో వేయండి.