ఇంటి రౌటరు: రెండు ద్వారములు, రెండు సంఖ్యలు



మన సబ్బవరమునకు వచ్చు ఉత్తరములమీద 531035 అను పిన్‌కోడు ఉండును. ఈ యేర్పాటు మన దేశమున 1972వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన మొదలయ్యెను. ఆ సంఖ్య తపాలా కార్యాలయమును తెలుపును. వీధిపేరును ఇంటి నెంబరును ఇల్లెక్కడనున్నదో తెలుపును. ఇంటర్నెట్టునందు పోవు వార్తలకును ఇట్టి చిరునామా యొకటి కావలెను. దానిని ఐ.పి. చిరునామా యందురు.

తఱచుగ వాడుకలోనున్న ఐ.పి. చిరునామా చుక్కలచే విడదీయబడిన నాలుగు సంఖ్యల కూర్పు. ఒక్కొక్క సంఖ్య 0 మొదలు 255 వఱకు నుండవచ్చును. 1981లో స్థిరపడిన యీ పద్ధతిచొప్పున మొత్తము సుమారు 429 కోట్ల చిరునామాలు మాత్రమే యేర్పడును. నేడు లోకమున జనులే 800 కోట్లకు మించియున్నారు; ఒక్కొక్క యింట నాలుగైదు యంత్రములున్నవి. ఇవి యెట్లు చాలును?

ఈ కొఱతను ముందుగనే కనిపెట్టి, 192.168 తో మొదలగునవి మున్నగు కొన్ని చిరునామాలను ఎవరింటిలోపల వారు వాడుకొనవచ్చునని 1994లో నిర్ణయించిరి. కావున సబ్బవరములో నొక ఫోనునకు 192.168.1.5 ఉండగా, అనకాపల్లిలో వేఱొక యింటి ఫోనునకును అదియే యుండవచ్చును. రెండూళ్లలోను పెద్దవీధి యున్నట్లే యిదియును, దానివలన చిక్కులేదు.

ఇచట ముఖ్యముగ గ్రహింపవలసిన దొకటి గలదు. చిరునామా పెట్టెకు గాదు, దాని ద్వారమునకు. ఆ ద్వారమునే ఇంటర్‌ఫేసు అందురు. రౌటరునకు వీధివైపు ఒక ద్వారమును, ఇంటివైపు ఒక ద్వారమును గలవు. అందుచే దానికి రెండు చిరునామాలు. వీధివైపు దానిని ఇంటర్నెట్టు నిచ్చు కంపెనీవారు ఇత్తురు. ఇంటివైపున తయారుచేసినవారే తఱచుగ 192.168.1.1 అని పెట్టియుంతురు. లోపలి ఫోనులకును కంప్యూటర్లకును మిగిలిన సంఖ్యలను రౌటరే పంచిపెట్టును. ఫోను బయటికి వార్త పంపునపుడు రౌటరు దాని చిరునామాను తీసి తన వీధివైపు చిరునామాను వ్రాయును. పంపినదెవరో పట్టికలో గుర్తుంచుకొని, బదులు రాగానే ఆ ఫోనునకే చేర్చును.

మఱి వీధి యేది, ఇల్లేది అని రౌటరున కెట్లు తెలియును? దానికి 255.255.255.0 అను మాస్కు తోడుగ నుండును. అనగా మొదటి మూడు సంఖ్యలు వీధిపేరు, కడపటిది యింటి నెంబరు.

ఇది తెలియనిచో కలుగు చిక్కునకు ఒక యుదాహరణము. ఒక యింట వెనుకగదిలో చదువుకొను బాలికకు వైఫై అందుటలేదని తండ్రి రెండవ రౌటరును కొనితెచ్చి, మొదటిదాని తీగను క్రొత్తదాని వీధిద్వారమునకు తగిల్చెను. దీపములన్నియు వెలిగెను గాని ఇంటర్నెట్టు రాలేదు. పరీక్ష దరఖాస్తునకు అదియే కడపటి దినము. యంత్రము చెడినదని తండ్రి దానిని తిరిగి యిచ్చివేయ బయలుదేరెను.

బాలిక సెట్టింగుల పుటను తెఱచి చూచెను. క్రొత్త రౌటరునకు వీధివైపున 192.168.1.7 అనియు, ఇంటివైపున 192.168.1.1 అనియు నుండెను. బయటికి పోవలసిన వార్తను అది మొదటి రౌటరునకు అందింపవలెను. కాని మొదటిదాని చిరునామాయు 192.168.1.1 ఏ! తన సంఖ్యయే యెదుట గన్పట్టగా వార్త యెటు పోవును?

“నాయనా, యంత్రము చెడలేదు. రెండు వీధులకు ఒకే పేరు పెట్టితిమి” అని చెప్పి, బాలిక క్రొత్తదాని ఇంటివైపు చిరునామాను 192.168.2.1 గా మార్చి, దానిని ఆపి మరల వెలిగించెను. వెంటనే ఇంటర్నెట్టు వచ్చెను. సాయంకాలము లోపల దరఖాస్తు చేరెను.

కొన్ని క్రొత్త రౌటర్లు ఇట్టి చిక్కును తామే కనిపెట్టి సంఖ్యను మార్చుకొనును; అన్నియు అట్లు చేయవు. కావున మీ యింటను ఇట్టిది తటస్థించినచో, యంత్రమును నిందించుటకు ముందు దాని రెండు ద్వారముల సంఖ్యలను చదువుడు. మొదటి మూడును ఒక్కటే యైనచో, ఇంటివైపు మూడవ సంఖ్యను మార్చుడు. తల్లిదండ్రుల సొమ్మును, మీ దినమును వ్యర్థము గాకుండును.