ఓడిన ఆట నేర్పు పాఠము

చదరంగము మన దేశమున పుట్టిన క్రీడ. పారసీకులు దానిని చత్రంగ్ అనిరి. అరబ్బులు షత్రంజ్ అనిరి. నేడు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో తెలుగువారు చదరంగమనియు, ఉర్దూ మాట్లాడువారు షత్రంజ్ అనియు పిలుచునది ఈ ఆటనే. ఓటమిని చెప్పుటకు మనము వాడు "ఆటకట్టు" అను తెలుగు మాటయు, "మాత్ ఖానా" అను ఉర్దూ పలుకుబడియు ఈ పలక మీదివే. ఓటమికి ఇన్ని మాటలు గల మనము, ఓటమి నుండి నేర్చుకొను పద్ధతిని మాత్రము అంతగా అలవరచుకొనలేదు.

ఆట ముగియగానే ఓడిన విద్యార్థి సాధారణముగ "చూపు తప్పినది" అనును. లేదా "నేడు నా అదృష్టము బాగులేదు" అని పావులు పెట్టెలో వేయును. ఈ రెండు మాటలును పాఠమునకు తలుపు మూయునవే. ఒక చిన్న ఉదాహరణమును పరిశీలింతము.

పలక మీది నిలువు వరుసలను ఎ నుండి హెచ్ వరకును, అడ్డు వరుసలను తెల్లపావుల వైపు నుండి 1 మొదలు 8 వరకును గుర్తింతురు. తెలుపు రాజు ముందరి బంటును ఇ4కు జరిపెను. నలుపు తన బంటును ఇ5కు తెచ్చెను. తెలుపు శకటు సి4కు వచ్చెను. నలుపు గుర్రము సి6కు దుమికెను. మూడవ ఎత్తున తెలుపు మంత్రి హెచ్5కు వచ్చెను. నలుపు రెండవ గుర్రమును ఎఫ్6కు దుమికించి మంత్రిని బెదరించెను. తెలుపు మంత్రి ఎఫ్7లోని బంటును చంపి రాజునకు కట్టు చెప్పెను. మంత్రికి వెనుక శకటు కాపు ఉన్నది. రాజు ఆ మంత్రిని చంపజాలడు, తప్పుకొనను చోటు లేదు. నాలుగు ఎత్తులలో ఆటకట్టు!

ఇచట నలుపు సోమరియై ఆడలేదు. ఎదుటి మంత్రిని తరుమవలెనని ఆలోచించియే గుర్రమును కదిపెను. లోపము చూపులో లేదు. వేసికొనిన ప్రశ్నలో ఉన్నది. "నేనేమి చేయుదును?" అని అడిగెనే గాని, "ఎదుటివాడు ఏమి చేయబోవుచున్నాడు?" అని అడుగలేదు. అడిగియున్నచో మంత్రియు శకటును ఒకే ఎఫ్7 గడి మీద గురిపెట్టియుండుట కనబడెడిది. అప్పుడు జి7 బంటును జి6కు జరిపిన చాలును. మంత్రి దారి మూతపడును, మంత్రికే ప్రాణభయము కలుగును. మంత్రి ఎఫ్3కు మరలి మరల ఎఫ్7 మీద గురిపెట్టినచో, అప్పుడు గుర్రము ఎఫ్6కు వచ్చి ఆ దారిని మూయును. అదే గుర్రము, అదే గడి. ఒక్క ఎత్తు ముందు వెనుకల భేదమే!

గెలిచినవానికిని ఇచట పాఠము కలదు. మంత్రిని తొందరపడి బయటకు తెచ్చుట ఎదుటివాని పొరపాటు మీద ఆధారపడిన ఎత్తు. నలుపు సరిగా ఆడినచో తెలుపు మంత్రి రెండు మార్లు కదలియుండును, నలుపు గుర్రములు రెండును రంగమున నిలిచియుండును. గెలుపు తప్పును కప్పివేయును గనుక, గెలిచిన ఆటను సయితము పరీక్షింపవలెను.

ఇందులకు చరిత్రలో గొప్ప నిదర్శనము మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబునకు చెందిన ఆయన దేశీయ పద్ధతిలో ఆట నేర్చెను. అందు బంటు తొలి ఎత్తున రెండు గళ్ళు పోరాదు. 1929లో లండను చేరి ఆడిన అభ్యాసపు పోటీలో చివరి స్థానమును మరొకరితో పంచుకొనెను. ఆయన అందులకు క్రుంగిపోలేదు. ఆ పోటీలో తనకు పైన నిలిచిన విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ అనువారి వద్దనే శిక్షణ పొందెను. ఆ యేటి వేసవిలోనే బ్రిటిష్ చాంపియన్ ఆయెను. 1932, 1933లలో మరల ఆ బిరుదును గెలిచెను. మన తెలుగు ఆడపడుచు కోనేరు హంపి 2024లో న్యూయార్కున జరిగిన ప్రపంచ ర్యాపిడ్ పోటీలో మొదటి ఆటనే ఓడెను. అయినను పదునొకండు ఆటలలో ఎనిమిదిన్నర పాయింట్లు సాధించి విజేతగా నిలిచెను.

విద్యార్థులారా! ఈ విషయము పలకతో ముగియదు. మెట్ట పల్లెల నుండి వచ్చు మనవారిలో అనేకులు తమ ఇంట మొదటిసారిగా కళాశాల గడప త్రొక్కినవారు. ఒక్క పరీక్ష తప్పగానే "చదువు నా నుదుట లేదు" అని పుస్తకములు కట్టిపెట్టువారు కలరు. వర్షాధారపు రైతు పంట పోయిన యేడు నేలను విడువడు. విత్తనము చెడ్డదా, అదను తప్పెనా అని విచారించును. తప్పిన ప్రశ్నపత్రమును ఎదుట పెట్టుకొని మనమును అట్లే విచారింపవలెను. చదువని పాఠమా, చదివియు అర్థము గాని పాఠమా, లేక సమయము చాలని దోషమా? కారణము తెలిసిన తప్పు సగము దిద్దబడినట్లే.

కళాశాల పాలక సంఘమువారికి మా విన్నపము ఒకటి కలదు. పఠన మందిరమున చదరంగపు పలకతోపాటు ఒక గీతల పుస్తకమును ఉంచవలెను. ఆడినవారు తమ ఎత్తులను అందు వ్రాయవలెను; ఓడినవాడు తన ఆట ఎచట మలుపు తిరిగెనో, ఎందులకు తిరిగెనో ఒక వాక్యమున వ్రాయవలెను; గెలిచినవాడు తన తప్పు ఒకటి వ్రాయవలెను. తెలుగుననైనను, ఉర్దూననైనను సరే. ఖర్చు స్వల్పము. తరువాత వచ్చు విద్యార్థులకు అదియే మంచి పాఠ్యగ్రంథము కాగలదు.