కంటికి కనబడని వర్తకుడు: కొనుగోలుదారుని హక్కులు

అంబాజీపేటలో కొబ్బరికాయల బేరము నడచు తీరు మన కందరకును తెలిసినదే. కొనువాడు కాయను చేత బట్టి చూచును. చెవి దగ్గర ఆడించి నీటి చప్పుడు వినును. ధర తెగిన పిమ్మటనే సొమ్ము చేతులు మారును. కాయ చెడిన దని తేలినచో మరునాడు పోయి అడుగుటకు ఆ వర్తకుడు అచ్చటనే యుండును. ఆతని కొట్టు తెలియును, ఊరు తెలియును, తండ్రి పేరు కూడ తెలియును. సంతలో కొనువానికి ఇదియే పెద్ద రక్షణము.

నేడు మన గ్రామములకు మరియొక సంత వచ్చినది. అది చేతిలోని ఫోనులో నున్నది. అమలాపురము పోకయే చీరలు, చెప్పులు, మిక్సీలు, పంపుసెట్టు విడిభాగములు ఇంటి గుమ్మమునకు వచ్చుచున్నవి. రేవు దాటి రావలసిన లంక గ్రామములకు సైతము పార్సెళ్లు చేరుచున్నవి. ఇది సౌకర్యమే. కాని ఈ సంతలో వస్తువును ముట్టి చూచుట లేదు, వర్తకుని ముఖము చూచుట లేదు. వచ్చిన వస్తువు చెడ్డదైనప్పుడు, వర్తకుడు వాపసు తీసికొన నన్నప్పుడు, ఎవరి నడుగవలెను? ఈ ప్రశ్నకు సమాధానము పంచాయతీ సభ్యులు తెలిసికొని యుండుట అవసరమని మేము తలచుచున్నాము.

ఒక ఉదాహరణము

కొత్తపేట ప్రాంతములో కుట్టుపని చేసి జీవించు ఒక సోదరి యున్న దనుకొందము. ఆమె ఫోనులో ప్రకటన చూచి 3,600 రూపాయలతో కుట్టుమిషనుకు మోటారు తెప్పించినది. ప్రకటనలో చూపిన శక్తి ఒకటి, వచ్చిన మోటారుపై వ్రాసిన శక్తి వేరొకటి. బిగించి పది నిమిషములు నడపగా వేడెక్కి ఆగినది. ఆనాడే ఆమె వాపసు కోరినది. రెండు దినముల తరువాత ఫోనుకు ఒక్క వాక్యము వచ్చినది: "పరిశీలించితిమి, వాపసు నిరాకరింపబడినది." కారణము లేదు, సంతకము లేదు.

ఆమె ఏమి చేయును? "ఈ మాత్రపు సొమ్ముకై కోర్టుల చుట్టు తిరుగుట యెందుకు? నాలుగు దినములు పని మానినచో అంతకంత నష్టము" అని మోటారును అటకపై పెట్టి ఊరకుండును. కాని ఆ సొమ్ము ఆమె రాత్రులు మేలుకొని కుట్టి కూడబెట్టినది. ఇట్లు అటకలపై చేరిన వస్తువులు ఊరి కెన్ని యున్నవో సభ్యులు ఒక్కసారి విచారించి చూడవలెను.

చట్ట మేమి చెప్పుచున్నది?

మన దేశములో తొలి వినియోగదారుల రక్షణ చట్టము 1986లో వచ్చినది. ఆ సంవత్సరము డిసెంబరు 24న రాష్ట్రపతి దాని నామోదించుటచేత నేటికిని ఆ దినమును జాతీయ వినియోగదారుల దినముగా జరుపుచున్నాము. ఫోనులలో వర్తకము పెరిగిన పిమ్మట ఆ చట్టము చాలకపోయినది. దాని స్థానములో 2019లో క్రొత్త చట్టము చేయబడి 2020 జూలై 20న అమలులోనికి వచ్చినది. ఆన్‌లైనులో కొన్నవాడును కొట్టులో కొన్నవానివలెనే వినియోగదారుడని ఇది స్పష్టముగా చెప్పుచున్నది. మరల అమ్ముటకో, పెద్ద వ్యాపారమునకో కొన్నవానికి ఈ రక్షణము లేదు. కాని స్వయముగా పనిచేసి బ్రతుకుటకై సాధనము కొన్నవానికి కలదు. కావున మన కుట్టుపని సోదరి వినియోగదారే.

ఈ చట్టము క్రింద 2020 జూలై 23న ఆన్‌లైను వర్తకమునకు ప్రత్యేక నియమములు ప్రకటింపబడినవి. అందలి ముఖ్య విషయము లివి. వస్తువు లోపముగలదైనను, నకిలీదైనను, ప్రకటనలో చెప్పిన లక్షణములు లేనిదైనను, చెప్పిన గడువు దాటి వచ్చినను, వాపసు తీసికొనుటకు గాని సొమ్ము తిరిగి యిచ్చుటకు గాని విక్రేత నిరాకరింపరాదు. వరద వంటి మానవాతీత కారణముచేత ఆలస్యమైనచో మాత్రము ఆ ఆలస్యము విక్రేత దోషము కాదు. గోదావరి పొంగినప్పుడు లంకలకు పార్సెలు రాలేదని విక్రేతను నిందించుట న్యాయము కాదు గదా!

ఇంతేగాక, లోపముగల వస్తువును రసీదులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో 30 దినములలోపల, తిరిగి తీసికొని సొమ్ము నీయకుండుట అక్రమ వ్యాపార పద్ధతియని చట్టమే నిర్వచించినది. "నిరాకరింపబడినది" అను ఒక్క మాటతో ఈ బాధ్యత తీరదు.

ఇక ముఖము లేని వర్తకుని సంగతి. అనేక విక్రేతలకు చోటిచ్చు అమ్మకపు వేదికలు ప్రతి విక్రేత యొక్క వ్యాపారనామమును, చిరునామాను, సంప్రదింపు నంబరును కొనువారికి కనబడునట్లు చూపవలెను. కొన్న పిమ్మట వినియోగదారుడు వ్రాతపూర్వకముగా కోరినచో విక్రేత ముఖ్య కార్యాలయపు చిరునామా మొదలగు వివరములను వేదిక ఈయవలసినదే. కంటికి కనబడకున్నను ఆ వర్తకునికి ఊరు కలదు, పేరు కలదు. వానిని అడిగి తెలిసికొను హక్కు మనకు కలదు.

హక్కు కానిది

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసి యున్నది. వస్తువు చెప్పినట్లే యుండి, లోపము లేక, సకాలములో వచ్చినప్పుడు, "రంగు నచ్చలేదు", "ప్రక్కింటివారు తక్కువకు కొన్నారు" అను కారణములతో వాపసు కోరుట చట్టమిచ్చిన హక్కు కాదు. అట్టి వాపసు విక్రేత ముందుగా ప్రకటించిన షరతులనుబట్టి యుండును. అందుచేత కొనుటకు ముందే వాపసు షరతులను చదువవలెను. పండుగకు చీర కట్టి మరునాడు వాపసు పంపుట మోసమే యగును. న్యాయము కోరువాడు న్యాయముగా నుండవలెను.

సాక్ష్యము మొదటి దినముననే

వివాదము వచ్చిన పిమ్మట సాక్ష్యము వెదకినచో దొరకదు. ప్రకటన మారిపోవును, అట్టపెట్టె పొయ్యిలోనికి పోవును. కావున కొనునప్పుడే ప్రకటనను, ధరను, వాపసు గడువును ఫోనులో స్క్రీన్‌షాటుగా దాచవలెను. పార్సెలు వచ్చినప్పుడు పైనున్న చీటీ కనబడునట్లు ఫొటో తీసి, విప్పుచున్నంతసేపు వీడియో తీయుట మంచిది. వీడియో తప్పనిసరి యని చట్టము చెప్పలేదు. కాని పెట్టెలో వేరు వస్తువు వచ్చినదని రుజువు చేయుటకు దానిని మించినది లేదు. రసీదును, పెట్టెను, చీటీని వివాదము తీరువరకు పారవేయరాదు. లోపమున్నదని తెలిసిన పిమ్మట వస్తువును వాడరాదు.

నాలుగు మెట్లు

మొదటి మెట్టు: వేదికలోనే వాపసు కోరవలెను. నోటిమాటగా గాక వ్రాతలో కోరి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనవలెను.

రెండవ మెట్టు: నిరాకరించినచో ఆ వేదిక యొక్క ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. ఈ అధికారి పేరును, సంప్రదించు విధమును ప్రతి వేదికయు ప్రకటింపవలెను. ఫిర్యాదు అందినదని 48 గంటలలోపల తెలిపి, ఒక నెలలోపల పరిష్కరించుట ఆ అధికారి విధి.

మూడవ మెట్టు: జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరుపై ఫోను చేయవలెను. తెలుగులో మాటాడవచ్చును. ఈ కేంద్రము తీర్పు చెప్పదు. ఫిర్యాదును సంస్థకు పంపి సమాధానము రాబట్టుటకు ప్రయత్నించును. చిన్న తగాదాలు పెక్కు ఇచ్చటనే తీరవచ్చును.

నాలుగవ మెట్టు: అప్పటికిని న్యాయము జరుగనిచో జిల్లా వినియోగదారుల కమీషన్‌ను ఆశ్రయింపవలెను. మన వారు భయపడునది ఈ మెట్టు వద్దనే. ఆ భయమునకు కారణము లేదని ఈ క్రింది సంగతులు చూపును. వస్తువునకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయలలోపల నున్నచో ఫీజు లేదు. వకీలును పెట్టుకొనవలె నను నిర్బంధము లేదు. విక్రేత ఢిల్లీలో నున్నను బెంగుళూరులో నున్నను, కొన్నవాడు నివసించు చోటనే ఫిర్యాదు వేయవచ్చును. రాజోలు మనిషి ఢిల్లీకి పోనక్కరలేదు. ఫిర్యాదును కంప్యూటరు ద్వారా పంపవచ్చును. 2025 జనవరి 1న ఆరంభమైన ఇ-జాగృతి అందులకే యున్నది. కోరినచో వీడియో ద్వారా విచారణకు హాజరగుటకును చట్టములో వీలు కలదు. కాని తగాదా పుట్టిన దినమునుండి రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు వేయవలెనని మరువరాదు.

ఫిర్యాదులో విక్రేతను, వేదికను ఇరువురను ప్రతివాదులుగా చూపుట మేలు. లేనిచో ఒకరిపై నొకరు నెపము వేయుదురు. వస్తువును మార్చి యిమ్మనియు, సొమ్మును వడ్డీతో తిరిగి యిమ్మనియు, నష్టపరిహారమును ఖర్చులను చెల్లింపుమనియు ఆదేశించు అధికారము కమీషన్‌కు కలదు. వస్తు పరీక్ష అవసరము లేని తగాదాలను మూడు నెలలలో తేల్చుటకు యత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఆచరణలో ఆలస్యమగుటయు కలదు. కాగితములు సరిగా నున్నవారికి ఆ ఆలస్యము తగ్గును. ఆదేశమును పాటింపనివారికి జైలుశిక్షగాని, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

ఒక్కరి తగాదా గాక అనేకులకు హాని కలుగునప్పుడు చూచుటకు 2020లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఏర్పడినది. నాణ్యతా ప్రమాణములు లేని ప్రెషర్ కుక్కర్లను అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో అది రెండు పెద్ద వేదికలపై ఆదేశములు వెలువరించినది. కొన్నవారి కందరకు తెలియజేసి, కుక్కర్లను వాపసు తీసికొని, సొమ్ము తిరిగి యిమ్మనియు, ఒక్కొక్క లక్ష రూపాయలు జరిమానా కట్టుమనియు వానిలో ఆజ్ఞాపించినది. ఎంత పెద్ద వేదికయైనను చట్టమునకు లోబడినదే యని దీనివలన గ్రహింపవలెను.

రెండు హెచ్చరికలు

వాపసు రాక విసిగినవారు ఇంటర్నెట్టులో "కస్టమర్ కేర్ నంబరు" అని వెదకి, మోసగాండ్ర చేతికి చిక్కుచున్నారు. సొమ్ము తిరిగి యిచ్చుటకు ఓటీపీ గాని, పిన్ గాని అక్కరలేదు. అడిగినవాడు దొంగయని తెలిసికొనవలెను. సొమ్ము పోయినచో తక్షణమే 1930 నంబరుకు ఫోను చేయవలెను.

రెండవది మన వర్తకులకు సంబంధించినది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురము పూతరేకులు నేడు ఫోను ద్వారా దూరప్రాంతములకు పోవుచున్నవి. బండారులంక, పుల్లేటికుర్రు నేతగాండ్ర చీరలకును ఆ మార్గము తెరచియే యున్నది. మనము కొనునప్పుడు కోరిన న్యాయమును అమ్మునప్పుడు ఈయవలెను. నలిగిన రేకులు పంపి, చిరిగిన చీర పంపి, "వాపసు లేదు" అనుట అదే చట్టము క్రింద తప్పు. ఒక్కని తప్పు ఊరి పేరునకే మచ్చ.

పంచాయతీ చేయదగిన పని

ఈ తగాదాలను తీర్చు అధికారము పంచాయతీకి లేదు. కాని ఊరివారు మొదట వచ్చునది సభ్యుని వద్దకే. 1915, 1930 నంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును. గ్రామసభలో ఒక పావుగంట ఈ విషయమునకు కేటాయింపవచ్చును. మహిళా సంఘముల సమావేశములలో చదువుకొన్న యువతి నొకతెను నియోగించి స్క్రీన్‌షాటు దాచుట, ఫిర్యాదు వ్రాయుట నేర్పింపవచ్చును. కొడుకులు, కూతుళ్లు గల్ఫు దేశములలో నుండగా ఇంట నొంటరిగా నున్న వృద్ధులకు ఈ సహాయము మరింత అవసరము.

మన కుట్టుపని సోదరి వచ్చినప్పుడు, "పోనీలే అమ్మా, నీ అదృష్ట మంతే" అని పంపివేయక, "రసీదు దాచినావా అమ్మా? పెట్టె యున్నదా? కూర్చుండుము, వ్రాయుదము" అను సభ్యుడు ఊరికొక్క డున్నను చాలును. మూడువేల ఆరువందల రూపాయలు పెద్ద వర్తకునికి లెక్క కాదు; ఆమెకు అది నెల శ్రమ. ఆ శ్రమ అటకపైకి పోకుండ కాపాడుట గ్రామసేవయే యని మా విశ్వాసము.